ఇంటికొక పచ్చి దుంగ

మా ఆయన పోయిన పదకొండో రోజు పొద్దున్నే ఊరిపెద్ద మా ఇంటికి వచ్చి, పాత తువ్వాలులో కట్టిన మూటొకటి అరుగు మీద పెట్టాడు. వరసకు మా అత్తకు తమ్ముడు. నేను మావా అంటాను. మూట విప్పితే లోపల అల్యూమినియం రేకులు. ఒక్కోటి అగ్గిపెట్టె అంత. ఒక్కోదాని మీద ఒక నంబరు కొట్టి ఉంది. పైన కన్నంలో తీగముక్క ఇంకా వేలాడుతోంది.

"లెక్క సూసుకో కోడలా. ముప్పై ఒకటి. ఒక్కటీ పోనివ్వలేదు," అన్నాడు. పని శ్రద్ధగా చేసినవాడి గొంతు.

అవి మా ఊరి చెట్లకు కట్టిన రేకులు. చెట్టు నరికితే తప్ప ఎవరూ విప్పరు. నేను అరుగు మీదే కూర్చుండిపోయాను. మావ నా దుఃఖం అనుకున్నాడు.

ఆ రేకుల సంగతి చెప్పాలి. మా ఊరు అరకులోయకు పైన, కిరండూల్ రైలు కూత వినిపించేంత దూరంలో ఉంది. ముప్పై ఒక్క ఇళ్ళు. ఇంటింటికీ కొంచెం కాఫీ, కొంచెం చోడి, అంటే రాగి. ఎనిమిదేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు వాళ్ళు వచ్చి కాఫీ తోటల్లోనూ గట్ల మీదా పనస, మామిడి, సిల్వర్ ఓక్ మొక్కలు నాటించారు. చెట్టు పెరిగేకొద్దీ గాలిలో ఉన్న కర్బనాన్ని లోపలికి తీసుకుని మానులో దాచిపెడుతుంది. ఆ దాచినదాన్ని కొలిచి, క్రెడిట్లుగా మార్చి, వేరే దేశాల్లో పొగ వదిలే కంపెనీలకు అమ్ముతారు. కొన్న కంపెనీ తన పొగలోంచి అంత తీసివేసి చూపించుకుంటుంది. అందులో ఊరికి ఏటా కొంత వాటా వస్తుంది. షరతు ఒక్కటే. చెట్టు ముప్పై ఏళ్ళు నిలబడి ఉండాలి. ప్రతి చెట్టుకూ ఒక రేకు, ఒక నంబరు.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. దాన్ని బడి వరండాలో ఊరందరికీ చదివి చెప్పినదాన్ని నేనే. నేను కొయ్యూరు వైపు కొండ ఊళ్ళో పుట్టి, హాస్టళ్ళలో ఉండి చదువుకుని, ఇక్కడి ఆశ్రమ పాఠశాలకు టీచరుగా వచ్చి, ఈ ఊరి మనిషిని చేసుకున్నాను. పుస్తకాలు చదివే అలవాటు ఉంది. ఒక్క మాట వదలకుండా రెండు సాయంత్రాలు చదివి చెప్పాను. మా ఆయన కమిటీ అధ్యక్షుడు. వేలిముద్రలు వేయించింది ఆయన.

జనం అడగాల్సినవన్నీ అడిగారు. కొమ్మలు కొట్టుకోవచ్చా? కొట్టుకోవచ్చు. మేకలు తింటే? కంచె వెయ్యాలి. పిడుగు పడితే? మన తప్పు కాదు. ఒకామె లేచి, "నంబరిచ్చారు గదా, అరవయ్యేళ్ళు దాటితే సెట్టుకి పింఛనీ కూడా వత్తాదా?" అంది. అందరం నవ్వాం. మనిషి చచ్చిపోతే ఏం చెయ్యాలని మాత్రం ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఈ ఊళ్ళో పెద్దమనిషి పోతే ఇంటికొక దుంగ ఇవ్వాలి. కింద ఎండుకట్టెలు పేరుస్తారు. వాటి మీద ప్రతి ఇంటివాళ్ళూ తెచ్చిన పచ్చి దుంగ ఒకటి. అది కొన్నది కాకూడదు. అడవిలోది కాకూడదు. ఆ ఇంటి నేలలో, ఆ ఇంటివాళ్ళు పెంచిన చెట్టుదే అయి ఉండాలి. మా కొయ్యూరు వైపు అలాంటిది లేదు. పెళ్ళయిన కొత్తలో మా మామగారు పోయినప్పుడు చూశాను. అప్పటికి నంబర్లు లేవు. గట్ల మీద ఎవరి పాత చెట్లు వాళ్ళకు ఉండేవి. అవి ముసలివై, ఎండి, ఒక్కొక్కటే పోయాయి. వాటి చోట్లలో వచ్చినవి ప్రాజెక్టు చెట్లే. ప్రాజెక్టు వచ్చాక ఊళ్ళో పోయిన పెద్దమనిషి మా ఆయనే మొదటివాడు.

మా ఆయన శ్రావణమాసంలో పోయాడు. మిరియాల తీగలు కట్టడానికి తోటకు వెళ్ళి, చెట్టుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. డోలీలో రోడ్డుదాకా మోసుకెళ్ళారు. అంబులెన్సు ఎదురొచ్చింది. అందులో ఉన్నతను చెయ్యి పట్టుకుని చూసి, వదిలేశాడు. నలభై ఎనిమిదేళ్ళు.

శవాన్ని ఇంటికి తెచ్చాక నేను పక్కన కూర్చున్నాను. వాన సన్నగా పడుతోంది. కొండ పొడవునా గొడ్డళ్ళ చప్పుడు వినిపించింది. ఒకచోట ఆగితే మరోచోట. అందరూ ఆయన కోసం పనిచేస్తున్నారని తెలుస్తూనే ఉంది. కొంచెం ధైర్యంగా కూడా అనిపించింది. ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదివినదాన్ని. ఆ చప్పుడు ఏ చెట్లదో ఒక్కసారైనా తట్టలేదు.

పదకొండో రోజున తట్టింది.

"రేకులు ఎందుకు తీసుకొచ్చావు మావా?" అని అడిగాను.

"ఎందుకేటి? మనిషి పోతే రేషన్ కార్డులోంచి పేరు తీయించమా? అలగే సెట్టు పోతే రేకు ఇచ్చీయాల గదా. దాసుకుంటే దొంగతనం. ఆ సారు వత్తే నువ్వు అప్పజెప్పీ."

ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళు గొడ్డలి వేసే ముందు తీగ విప్పి, రేకు తుడిచి, జేబులోనో కొంగులోనో దాచి, పని అయ్యాక మావకు ఇచ్చారు. ఎవరికీ తప్పు చేశామన్న అనుమానం లేదు. రేకు తిరిగి ఇచ్చేస్తే లెక్క సరిపోయిందని వాళ్ళ నమ్మకం. వాటిలో మా ఇంటి చెట్టుది కూడా ఒకటి ఉంది. కొడుకు కోసం మా అత్తే దగ్గరుండి కొట్టించింది.

మూటను చోడిపిండి డబ్బా వెనక పెట్టాను. ఆ వారం నుంచి బడి అయ్యాక, సిగ్నల్ వచ్చే బండరాయి మీద కూర్చుని ఫోనులో చదవడం మొదలుపెట్టాను. దాచిన కర్బనం మళ్ళీ గాలిలో కలిస్తే దానికి రివర్సల్ అని పేరు. గాలివానకు చెట్టు పడిపోతే ఒక రకం. మనిషి చేత్తో నరికితే ఇంకో రకం. మొదటిదాన్ని క్షమిస్తారు. రెండోదానికి వాటా ఆపేయవచ్చు, ఊరిని తీసేయవచ్చు. మా ఊరు పదకొండు ఊళ్ళున్న ఒక క్లస్టర్‌లో భాగం. ఒక ఊరు కావాలని మాట తప్పితే మొత్తం పదకొండింటినీ పక్కన పెట్టే అధికారం వాళ్ళకు ఉంది. ఆ పేజీ నేను ఎనిమిదేళ్ళ క్రితం చదివిందే.

ఎండిన కట్టె బరువులో సుమారు సగం కర్బనమే. మనిషిలోనూ ఉంటుంది. ఆ చెట్లలో ఉన్నదాన్ని ఏదో దేశంలో ఎవరో ఎప్పుడో కొనేసి ఉంటారు. కొన్న సంగతి వాళ్ళకు గుర్తు కూడా ఉండదు. అదంతా మా ఆయనతో కలిసి ఒక మధ్యాహ్నంలో పొగైపోయింది. ఆ పొగలో ఆయన వంతెంత, అమ్మేసిన వంతెంత అని ఆలోచించాను. అలాంటి ఆలోచనలు రాకూడదని ఫోను మూసేసి లేచేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే రాయి మీద ఉండేదాన్ని.

నా భయం ఇది. ఆయన జీవితంలో చేసిన పెద్ద పని ఈ చెట్లు నాటించడం. ఆయన చావు వల్లే ఊరు అందులోంచి పోతుంది. పక్క ఊళ్ళు కూడా పోతాయి. రేపు ఆయన పేరు తలుచుకునేవాళ్ళు దీన్నే తలుచుకుంటారు.

ఆశ్వయుజంలో ప్రాజెక్టు ఫీల్డు ఆఫీసరు వచ్చాడు. శృంగవరపుకోట వైపు కుర్రాడు, పెళ్ళై ఏడాది కాలేదు. ఊరంటే ప్రేమ ఉన్నవాడే. పరామర్శకు వచ్చాననీ, పనిలో పనిగా ఇంకో మాట చెప్పాలనీ అన్నాడు.

"వచ్చే వారం వెరిఫికేషన్ ఉంది మేడమ్. ఫారిన్ నుంచి ఆడిటర్ వస్తున్నారు. ఊరివాళ్ళతో డైరెక్టుగా మాట్లాడతారట. తర్జుమాకి ప్రాజెక్టు మనుషులు పనికిరారు, బయటివాళ్ళే కావాలన్నారు. మీ పేరే ఇచ్చాను."

నేను లోపలికి వెళ్ళి మూట తెచ్చి అతని ముందు విప్పాను. జరిగింది చెప్పాను. అతను రేకులు లెక్కపెట్టలేదు. మూట మళ్ళీ కట్టేశాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి. జులైలో ఈదురుగాలి వేసింది కదా, కింద ఊళ్ళో రెండు స్తంభాలు పడ్డాయి. గాలికి పడ్డాయని రాద్దాం. ఫారంలో ఆ కాలమ్ ఉంది." కొంచెం ఆగి, "నా ఉద్యోగం కోసం అడగట్లేదు మేడమ్," అన్నాడు. కొంత దానికోసం కూడానని ఇద్దరికీ తెలుసు. అందులో తప్పేమీ లేదు.

ఆడిటర్ వచ్చిన రోజు ఎండ కాసింది. నెరిసిన జుట్టు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. తక్కువ మాట్లాడే ఆవిడ. చెట్టు చెట్టు దగ్గరా ఆగి, ఛాతీ ఎత్తులో టేపు చుట్టి కొలిచి, పలకలాంటి యంత్రంలో నంబరు కొట్టుకునేది. లేని నంబర్లు ఒకటొకటిగా బయటపడ్డాయి. ఆమె వాటిని వేరుగా రాసుకుంది. మధ్యాహ్నానికి బడి వరండాలో కూర్చుని, ఊరిపెద్దతో మాట్లాడాలంది.

మావ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పదిమంది చుట్టూ చేరారు. ఆ చెట్లు ఏమయ్యాయని ఆమె నన్ను అడగమంది. నేను అడిగాను.

మావకు దాచాలన్న ఆలోచనే లేదు. నేను ముందుగా చెప్పి ఉంచవలసింది. చెప్పడానికి సిగ్గేసింది. "ఏటున్నాది సెప్పడానికి? ఈ కోడలి మొగుడు, మా మేనల్లుడు, పోయినాడు," అని నావైపు చెయ్యి చూపించాడు. "మంచోడు. ఊరికంతా సెట్లు పెట్టించినోడు. ఆడికి ఇంటికో దుంగ ఇచ్చినాం. మా పనస నానే కొట్టినాను, నా సేతుల్తో. వాన. గొడ్డలి జారిపోతంది. పచ్చి పనస దుంగ ఇద్దరం మోసినాం. ఆడికి తక్కువ సెయ్యకూడదు గదా. రేకులన్నీ తీసి బద్రంగా కోడలికిచ్చినాం. ఒక్కటీ పోలేదు. అడుగు, సూపిత్తాది."

ఆమె కలం పట్టుకుని నావైపు చూస్తోంది. ఫీల్డు ఆఫీసరు జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఇంగ్లీషులో, "జులైలో గాలికి పడ్డాయి," అన్నాను.

మావ నా ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు.

"అంతేనా? నాను అంతసేపు సెప్పినాను, నువ్వు సిటికెలో తేల్చీసినావు. ఆళ్ళ బాస అంత సిన్నదేటమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆమె కూడా చిరునవ్వుతో, ఆయన ఏమన్నాడని అడిగింది. మీ భాష చాలా పొట్టిదంటున్నాడని చెప్పాను. గట్టిగా నవ్వింది. నవ్వు ఆగాక, మాట్లాడుతూ మీవైపు ఎందుకు చూపించాడంది. మా తోటలో కూడా ఒక చెట్టు పడిందని, అందుకని చెప్పాను. అయ్యో అని, రాసుకుంది. వెళ్ళేటప్పుడు నాకు ప్రత్యేకంగా థాంక్స్ చెప్పింది.

ఆ సాయంత్రం మా అత్త చిక్కుళ్ళు వలుస్తూ, "ఆ దొరసానికి ఏటి సెప్పినావు?" అంది.

చెప్పాను. ఆమె గింజలు చాటలో వేస్తూనే ఉంది.

"నా కొడుకు పోయిననాడు గాలి లేదే. ఆకు కదల్లేదు. వాన ఒకటే," అంది. ఆ తర్వాత వారం రోజులు నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది.

ఎవరూ నన్ను పట్టుకోలేదు. అయినా రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పైనుంచి ఉపగ్రహాలు ఫోటోలు తీస్తాయని ఊళ్ళో ఎవరో అన్నారు. "తియ్యనీ. నా బోడిగుండు మెరుత్తా అగుపిత్తాది," అన్నాడు మావ. నాకు నవ్వు రాలేదు. బడిలో పిల్లలకు వాతావరణం పాఠం చెబుతూ ఈదురుగాలి అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒక పిల్ల, "టీచర్, తర్వాతేటి?" అని గుర్తుచేసింది.

దీపావళి ముందు ఫీల్డు ఆఫీసరు ఫోను చేశాడు. గాలికి పడిన చెట్ల మొదళ్ళకు ఫోటోలు కావాలని ఆడిటర్ మెయిలు పెట్టింది. ముప్పై ఒకటికీ. వేళ్ళు కనిపించాలి.

"గాలికి పడితే చెట్టు వేళ్ళతో లేస్తుంది మేడమ్. ఇక్కడ మొదళ్ళు గొడ్డలితో కొట్టినట్టు నున్నగా ఉన్నాయి. తవ్వి పెకలించి, గాలే పక్కకు పడేసినట్టు పెట్టి ఫోటో తియ్యాలి. నేను రాలేను. నన్ను ఎవరైనా చూస్తే అయిపోతుంది."

నేను మావకు జరిగిందంతా అప్పుడు చెప్పాను. గాలి అని అబద్ధం చెప్పానని, ఇప్పుడు దానికి సాక్ష్యం కావాలన్నారని. ఆయన కోప్పడలేదు. గడ్డం గీక్కుని, "ఓలమ్మో, ఆ పొట్టి మాట ఇదా," అన్నాడు. "ముందే సెప్తే నానూ గాలి అనీవోణ్ణి గదా. సరే. రేపు బేగి తవ్వీద్దాం."

మర్నాడు ఆదివారం. పొద్దుటికల్లా ఇంటికొకరు చొప్పున గునపాలు, పారలు తీసుకుని వచ్చారు. మా అత్త కూడా కర్ర పట్టుకుని వెనకాలే వచ్చింది. ముందు మావ తోటలోకి వెళ్ళాం. ఆయన పనస మొదలు మోకాలి ఎత్తున ఉంది. రెండు నెలల్లో అంచు నుంచి నాలుగు చిగుళ్ళు వచ్చాయి. జానెడు పొడవు, ముదురాకుపచ్చ. మావ గునపం ఎత్తాడు. దింపాడు. అరచేతులు పంచెకు తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ముప్పై మంది ఉన్నారు, ఒక్కరూ ముందుకు రావడం లేదు.

"ఏమైంది?" అన్నాను.

"ఏటీ లేదు. నువ్వింటికెల్లు కోడలా. నువ్వుంటే సెయ్యి రాదు."

అప్పుడు మా అత్త చెప్పింది. పోయినవాళ్ళకిచ్చిన చెట్టు మొదలు ఎవరూ తవ్వరు. దానికి చిగురొస్తే కాపాడతారు. చిగురు మనిషెత్తు అయ్యేదాకా పోయినవాళ్ళు తోటలోనే తిరుగుతుంటారని ఇక్కడి నమ్మకం. "మొదలు తీసీడమంటే ఆణ్ణి గెంటీడమే," అంది.

"మరి ఎందుకొచ్చారు అందరూ?"

మావ గునపం నేలకు ఆనించి, "నీ మొగుడి పేరు సెడకూడదని," అన్నాడు. "ఆడి పేరుకన్నా ఆడు పెద్దోడేటి? ఒగ్గీ. ఎల్లు."

ఇరవై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను. ఆ నమ్మకం నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంటి సిల్వర్ ఓక్ మొదలు దగ్గర నేను రోజూ అంట్లు తోముతున్నాను. నేను మావ చేతిలోంచి గునపం తీసుకున్నాను. తవ్వవద్దని చెప్పాను. వాళ్ళు వెంటనే వెళ్ళలేదు. నేను మనసు మార్చుకుంటానేమోనని కొంతసేపు అక్కడే నిలబడి, పొగాకు పంచుకుని, ఒక్కొక్కరే దిగిపోయారు.

సోమవారం బడి కంప్యూటరులో ఆడిటర్‌కు ఉత్తరం రాశాను. నాలుగుసార్లు రాసి, ప్రతిసారీ పొడుగవుతుంటే చెరిపేశాను. చివరికి పంపింది ఇది. చెట్లు గాలికి పడలేదు. ఊరిపెద్ద నిజం చెప్పాడు. నేను తప్పుగా తర్జుమా చేశాను. చెట్లు నా భర్త దహనానికి ఇంటికొకటి చొప్పున నరికారు. అది ఇక్కడి ఆచారం. ఒప్పందం చదివి చెప్పిన రోజు నాకు ఆ ఆచారం తెలుసు, గుర్తు రాలేదు. రేకులు నా దగ్గర ఉన్నాయి. మొదళ్ళ ఫోటోలు జత చేస్తున్నాను.

పంపాక ఫీల్డు ఆఫీసరుకు చెప్పాను. "ఏం చేశారండీ మేడమ్," అన్నాడు. ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు.

మూడు నెలలు జవాబు రాలేదు. ఎక్కడ జీపు చప్పుడైనా చాక్‌పీసు ఆగిపోయేది. సంగతి పక్క ఊళ్ళకు పాకింది. వారపుసంతలో అల్లం బేరమాడుతుంటే, క్లస్టర్‌లో ఉన్న వేరే ఊరామె నాకు వినబడేలా పక్కామెతో అంది. "ఆళ్ళ ఊల్లో ఒకడు సచ్చిపోతే పదకొండూళ్ళ కూడు పోద్దంట. సావైనా కాస్త సిన్నగా సావకూడదేటి?" అల్లం అమ్మే మనిషి తల దించుకుని తూకం చూసుకున్నాడు. నేను డబ్బులిచ్చి వచ్చేశాను. ఆమెకు నలుగురు పిల్లలు, ఇద్దరు మా బడిలోనే.

పుష్యమాసంలో జవాబు వచ్చింది. నష్టం చిన్నదే. ఇలాంటివాటి కోసం ముందే పక్కన పెట్టిన క్రెడిట్ల నుంచి దాన్ని తీసేశారు. ఊరిని, క్లస్టర్‌ను కొనసాగిస్తున్నారు. స్థానిక ఆచారాలను గౌరవిస్తూ ఒక కొత్త నియమం పెట్టారు. అంత్యక్రియల కోసం చెట్లు కొట్టుకోవచ్చు. అయితే అవసరానికి పదిహేను రోజుల ముందు దరఖాస్తు చెయ్యాలి. దానికొక ఫారం జత చేశారు.

బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి చదివాను. ఈసారి మాటకు మాట చెప్పాను. అయ్యాక కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

"పదేను రోజుల ముందా?" అన్నాడు మావ. "ఎవుడికి తెలుత్తాదమ్మా? ఆ సచ్చీవోడికే తెలీదు."

"సెల్లుకి మెసేజి వత్తాదేమో," అంది పింఛనీ అడిగినామె.

"మరి దరకాస్తు పెట్టీసి, పదేను రోజులైనా ఆడు పోకపోతే? ఫైనేత్తారేటి?" అన్నాడు మావ మళ్ళీ.

అందరూ నవ్వారు. వెనక ఉన్న మగవాళ్ళు ఎవరు ముందు దరఖాస్తు పెట్టాలో ఒకరినొకరు తోసుకున్నారు. నేనూ నవ్వాను. ఆయన పోయాక నా నోటి నుంచి నవ్వు రావడం అదే మొదలు. ఊరు పోలేదు. అది చాలనుకుంటూ ఇంటికి వచ్చాను.

రెండు రోజులకు మా అత్త ఒక మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి పీట వేసుకుంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమెకు దగ్గు. అరకు ఆసుపత్రిలో మందులిచ్చారు. తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది.

"ఆ కాయితం తియ్యి. నాది రాసీ," అంది.

"ఏ కాగితం అత్తా?"

"పదేను రోజులది."

"ఇప్పుడెందుకు? అవేం మాటలు?"

"ఇప్పుడు కాకపోతే నాను పోయింతర్వాత వచ్చి రాయిత్తానేటి? మల్లీ నీకు అబద్దం ఆడాల్సొత్తాది. నీకు ఆడడం రాదే గుంటా. రెండు నెల్లు తిండి మానీసినావు. సూడలేదనుకున్నావా?"

ఆమె అన్నీ ఆలోచించి పెట్టుకుంది. ఏ ఇల్లు ఏ చెట్టు ఇవ్వాలో వరసగా చెప్పింది. తమ్ముడి పనస ఇంకా చిగురే, అది ముట్టుకోవద్దు, ఎగువ గట్టు మీద ముదురు సిల్వర్ ఓక్ ఉంది. పింఛనీ అడిగినామె మామిడి కాపుకొస్తోంది, ఆమె ఏడుస్తుంది, కాబట్టి ఆమెకు వేరేది. మేము రాస్తున్నది ఎవరి గురించో మరిచిపోయినట్టు, పెళ్ళికి గిన్నెలు ఎవరి ఇంటి నుంచి తేవాలో చెబుతున్నట్టు చెప్పింది. నేను నంబర్లు కమిటీ చెట్ల పుస్తకంలో చూసి రాశాను. ముప్పై ఒకటి పూర్తయ్యాయి. పేరు రాశాను. కారణం రాశాను. మిగిలింది ఒక గడి.

"ఏటి మిగిలింది?"

"తేదీ. ఎప్పుడు కావాలని."

ఆమె వాకిట్లోకి చూసి కాసేపు లెక్క వేసుకుంది. "కాఫీ పళ్ళ కోత ఐపోనీ. కోతప్పుడు జనానికి తీరుబడి ఉండదు. ఆ తర్వాత నాలుగు రోజులకి వెయ్యి."

"అత్తా, అలా వెయ్యకూడదు."

"వెయ్యే. గడి కాళీగా ఉంటే తిప్పి పంపీరా ఆళ్ళు?"

పంపుతారు. అది నాకు తెలుసు. నేను కోత ఎప్పటికి అవుతుందో చూసుకుని, దానికి నాలుగు రోజులు కలిపి, గడిలో తేదీ వేశాను. ఆమె ఒకసారి చదవమంది. చదివాను. బాగుందని చెప్పి, కర్ర పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఆ తేదీ నుంచి కేలెండరులో వెనక్కి పదిహేను రోజులు లెక్కపెట్టాను. దరఖాస్తు పంపవలసిన రోజు వచ్చే సోమవారం. ఇవాళ శనివారం. ఫారం నా బడిసంచిలో ఉంది. వంటింట్లో ఆమె దగ్గుతోంది. దగ్గు ఆగినప్పుడల్లా నేను ఇదంతా రాయడం ఆపి, మళ్ళీ వినబడేదాకా అటే చూస్తున్నాను.